లండన్‌లో గోధుమ పడనివాళ్లకు ఏ ఏరియా మేలు: ఈస్ట్ హామా, టూటింగా, ఇజ్లింగ్టనా?

లండన్‌లో ఉద్యోగమో చదువో ఖాయమైందంటే మనవాళ్లు ముందు చెప్పే పేరు ఈస్ట్ హామ్. అద్దె కాస్త తక్కువ, బెండకాయ దగ్గర నుంచి గోంగూర దాకా దొరుకుతాయి, మన హోటళ్లున్నాయి, తిండికి టెన్షన్ ఉండదు అంటారు. మామూలువాళ్ల సంగతిలో అది నిజమే. సీలియాక్ ఉన్నవాళ్లకి, అంటే గోధుమ, బార్లీ, రై రవ్వంత కడుపులోకి వెళ్లినా పేగు లోపలి పొర దెబ్బతినేవాళ్లకి మాత్రం లెక్క తలకిందులవుతుంది. మన తిండి ఎక్కడ ఎక్కువ దొరుకుతుందో అక్కడే ఎక్కువ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. "మనది బియ్యం తిండే కదా, నీకేం ఇబ్బంది" అని ఇంట్లో వాళ్లు కూడా అంటారు, ఆ ధీమాతోనే దెబ్బ తింటాం.

ఈస్ట్ హామ్ బజారు వీధి హై స్ట్రీట్ నార్త్‌లో ఒక సాదా దోసె సంగతే తీసుకోండి. పిండిలో ఉన్నది మినప్పప్పు, బియ్యం, అంతవరకు బంగారం. కానీ అదే పెనం మీద మీకంటే ముందు ఇంకెవరికో ఆనియన్ రవ్వ దోసె పడింది, దాన్ని అట్లకాడతో గీకి, నీళ్లు చిలకరించి, పుల్లల కట్టతో ఊడ్చి మీ దోసె పోశారు. పక్కన సాంబారు, అందులో ఇంగువ. మనం పోపులో వేసే ఇంగువ పొడిలో అసలు ఇంగువ పాలు కొంచెమే, మిగతాదంతా జిగురూ పిండీ, ఆ పిండి చాలా డబ్బాల్లో గోధుమదే. వడ వేగిన నూనెలోనే అంతకుముందు పూరీ పొంగింది, సమోసా వేగింది. చిల్లీ చికెన్‌లో సోయా సాస్ ఉంటుంది, మామూలు సోయా సాస్‌ని గోధుమతోనే చేస్తారు. బిర్యానీ మీద చల్లే వేయించిన ఉల్లిపాయలు ప్యాకెట్‌లోవైతే కరకరలాడటానికి చాలావాటికి గోధుమపిండి పట్టించి ఉంటారు. అలాగని వంటవాళ్లకి నిర్లక్ష్యమని కాదు, మన వంటిళ్లలో గోధుమ అంటే చపాతీ, పూరీ, ఉప్మా, అక్కడితో సరి. "అన్నా, నాకు గోధుమ పడదు" అంటే "అయ్యో, అయితే చపాతీ వద్దులెండి, రైస్ పెట్టిస్తా, సాంబారు ఎక్కువ పోస్తా" అంటారు, ప్రేమగానే.

చట్టం మాత్రం లండన్ మొత్తానికీ ఒకటే. గోధుమతో సహా 14 రకాల ఎలర్జీ పదార్థాల్లో ఏది ఉన్నా చెప్పి తీరాలి, చిన్న హోటలైనా పెద్ద హోటలైనా. గోధుమ, బార్లీ, రైలలో ఉండి మనకి పడని ప్రొటీన్ పేరే గ్లూటెన్, ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే అది కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. 2016లో బాగెట్‌లో ఉన్న నువ్వుల వల్ల ఎలర్జీ వచ్చి చనిపోయిన నటాషా ఎడ్నాన్-లపరూజ్ పేరు మీద వచ్చిన చట్టం 2021 అక్టోబరు నుంచి అమలులో ఉంది, దాంతో షాపులోనే తయారుచేసి ప్యాక్ చేసి పెట్టిన శాండ్‌విచ్‌ల మీద కూడా పదార్థాలన్నీ రాయాల్సిందే. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి, కొన్ని మెనూల్లో ఎన్‌జీసీఐ అని ఉంటుంది. వేసిన సరుకుల్లో గ్లూటెన్ లేదు అని దాని అర్థం, వంటింట్లో అంటుకోలేదని హామీ కాదు. సీలియాక్ యూకే అనే సంస్థ తనిఖీ చేసి ఇచ్చే జీఎఫ్ గుర్తు ఉంటే అది వేరే లెవెల్, దాన్ని నమ్మొచ్చు.

ఇప్పుడు ఏరియాల సంగతికి వద్దాం.

ఈస్ట్ హామ్‌లో అసలు చిక్కు హోటళ్లతో కూడా కాదు, హోటల్‌కి వెళ్లకపోతే సరిపోతుంది. చిక్కంతా షేరింగ్ ఇళ్లతో. కొత్తగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది దిగేది అక్కడే, నాలుగు గదులు, ఒక వంటిల్లు, ఒక ఫ్రిజ్. రాత్రి ఎనిమిదింటికి ఇద్దరు డ్యూటీ నుంచి వచ్చి చపాతీలు ఒత్తడం మొదలుపెడితే ఆ పొడిపిండి స్టవ్ మీద, గట్టు మీద, పక్కన ఆరబెట్టిన మీ గిన్నెల మీద కూడా సన్నగా పేరుకుంటుంది, చేత్తో రాస్తే తెలుస్తుంది. టోస్టర్ ఒకటే. చిల్లుల గిన్నె ఒకటే, అందులో నిన్న పాస్తా వార్చారు. వెన్న డబ్బాలో బ్రెడ్ పొట్టు. చెక్క గరిటెలు, చపాతీ కర్ర అయితే ఎంత కడిగినా నమ్మలేం. రూమ్మేట్లు మంచివాళ్లే అయి ఉంటారు, మొదటి వారం చాలా జాగ్రత్తగా కూడా ఉంటారు, ఆ తర్వాత ఎవరి అలసట వాళ్లది. మీ పెనం వేరే, మూకుడు వేరే అని చెప్పినా ఏదో ఒక రోజు "తొందరలో ఉండి నీ పెనం మీద రెండు పరాటాలు కాల్చుకున్నా, కడిగేశాలే" అని వినాల్సి వస్తుంది.

అదే ఈస్ట్ హామ్‌లో వంటిల్లు సొంతంగా ఉంటే బొమ్మ తిరగబడుతుంది. ఒంటరిగా స్టూడియోనో, భార్యాభర్తలైతే చిన్న ఫ్లాటో దొరికిందంటే, మినప్పప్పు, సోనా మసూరి, జొన్నలు, రాగులు, పెసలు అన్నీ నడిచి వెళ్లి తెచ్చుకునేంత దూరంలో ఉంటాయి. మహాలక్ష్మి గుడి హై స్ట్రీట్ నార్త్ మీదే. ట్యూబ్ రైలు డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే నేరుగా టవర్ హిల్, ఛార్జీల లెక్కలో జోన్ 3, 4 సరిహద్దు (నడిబొడ్డు జోన్ 1) కాబట్టి ప్రయాణ ఖర్చు కూడా మరీ ఎక్కువ కాదు. కాకపోతే పిండి ప్యాకెట్లతో జాగ్రత్త. మన కిరాణా షాపుల్లో దొరికే బియ్యప్పిండి, శనగపిండి, జొన్నపిండి వెనక చిన్న అక్షరాల్లో "గోధుమ ఉండే అవకాశం ఉంది" అని చాలావాటి మీద రాసి ఉంటుంది, ఎందుకంటే అదే మిల్లులో ఆటా కూడా ఆడతారు. నా పద్ధతి పిండి కొనకపోవడం. గింజలుగా కొని, పళ్లెంలో పోసి, మా నాయనమ్మ రాళ్లు ఏరినట్టు గోధుమ గింజలు ఏరి, రెండు మూడు నీళ్లు కడిగి ఇంట్లోనే రుబ్బుకుంటాను. కందిపప్పులో, పెసరపప్పులో అప్పుడప్పుడు ఒకటీ అరా గోధుమ గింజ నిజంగానే కనబడుతుంది. బియ్యప్పిండి అర్జెంటుగా కావాలంటే సూపర్‌మార్కెట్‌లో గ్లూటెన్ లాంటివి లేని సరుకులు పెట్టే ఫ్రీ ఫ్రమ్ వరసలో డవ్స్ ఫామ్ కంపెనీది తీసుకుంటా, ధర ఎక్కువే కానీ నిశ్చింత. పెద్ద సరుకులకి బెక్టన్‌లో పెద్ద ఆస్డా ఉంది. ఎక్స్‌ప్రెస్, లోకల్ అని బోర్డులుండే చిన్న బ్రాంచీల్లో ఫ్రీ ఫ్రమ్ అంటే రెండు బిస్కెట్ ప్యాకెట్లు, ఒక ఎండిపోయిన బ్రెడ్డు, వాటిని చూసి ఇల్లు తీసుకోకండి.

టూటింగ్ గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు, ఎందుకంటే అక్కడ తెలుగువాళ్లు పలచన. దక్షిణ లండన్, నార్తర్న్ లైన్, జోన్ 3. టూటింగ్ బెక్ నుంచి బ్రాడ్‌వే దాకా అప్పర్ టూటింగ్ రోడ్డు వెంబడి శ్రీలంక తమిళుల షాపులు, కేరళ హోటళ్లు, పాకిస్తానీ గ్రిల్ హోటళ్లు వరసగా ఉంటాయి, కరివేపాకు, కొబ్బరి, మునక్కాడ, ఎర్రబియ్యం దేనికీ లోటు లేదు. కేరళ వంటలో కొబ్బరి పాల కూరలు, చేపల పులుసు మనకి కాస్త అనుకూలం, ఇంగువ వాడకం సాంబారు, రసం వైపే ఎక్కువ కాబట్టి. అయినా అడగాలి. ఇక్కడ మెలిక ఇడియాప్పంతో ఉంది. మనం ఇడియాప్పం అంటే బియ్యప్పిండే అనుకుని కళ్లు మూసుకుని తింటాం, శ్రీలంక షాపుల్లో తెల్లటివి గోధుమపిండివి కూడా ఉంటాయి, ఎర్రబియ్యపువి వేరే. ప్యాకెట్ తిప్పి చదవండి, వేడివేడిగా అమ్మేదయితే అడగండి. మైదా రొట్టెల్ని ముక్కలుగా కొట్టి చేసే కొత్తు రొట్టె పెనం దగ్గరికి మాత్రం పోవద్దు, అక్కడ ఆ చప్పుడుతో పాటు మైదా ముక్కలు కూడా ఎగురుతుంటాయి.

టూటింగ్‌లో నాకు నచ్చింది, మన సరుకులు ఎంత దగ్గరో ఇంగ్లిష్ సూపర్‌మార్కెట్లూ అంతే దగ్గర, ఒకే నడకలో రెండూ అయిపోతాయి. పైగా సెయింట్ జార్జెస్ ఆసుపత్రి అక్కడే, పెద్ద బోధనాసుపత్రి. రోజూ దాంతో పనేం ఉండదు గానీ ఎండోస్కోపీ అనో ఎముకల సాంద్రత పరీక్ష అనో పిలిచినప్పుడు సగం రోజు సెలవు పెట్టి ఊరు దాటి వెళ్లే పని తప్పొచ్చు. ఇళ్ల అద్దె ఈస్ట్ హామ్ కంటే ఎక్కువే. ఉదయం పూట నార్తర్న్ లైన్‌లో జనం గురించి చెప్పాలంటే, సికింద్రాబాద్ స్టేషన్‌లో పండగ ముందు రోజు చూసినవాళ్లకి అలవాటైపోతుంది.

ఇజ్లింగ్టన్, అంటే ఏంజెల్ స్టేషన్ చుట్టుపక్కల, ఇది వేరే లోకం. జోన్ 1, బ్యాంక్‌కి మూడు స్టాపులు. అప్పర్ స్ట్రీట్ పొడుగునా కేఫులు, రెస్టారెంట్లు, అక్కడ గ్లూటెన్ ఫ్రీ అంటే ఎవరూ కొత్తగా చూడరు, అడగకముందే ఎలర్జీల షీటు తెచ్చి ఇస్తారు, "సీలియాకా, ఇష్టంతో మానేశారా" అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్న మొదట్లో చిరాకనిపిస్తుంది కానీ అడిగేవాళ్లే నయం, జవాబుని బట్టి వంటింట్లో విడిగా చేస్తారు. లివర్‌పూల్ రోడ్డులో సెయిన్స్‌బరీస్, హాలోవే రోడ్డులో వెయిట్రోజ్ ఉన్నాయి, ఫ్రీ ఫ్రమ్ సరుకు బాగా దొరుకుతుంది. ఆఫీసు వాళ్లతో వారానికి రెండు మూడు సార్లు బయట తినాల్సిన ఉద్యోగమైతే ఇక్కడ బతుకు సుఖం. కానీ అద్దె చూస్తే కళ్లు తిరుగుతాయి, ఇక్కడ ఒక గదికి పెట్టే డబ్బుకి ఈస్ట్ హామ్‌లో ఇంకా పెద్ద చోటు వస్తుంది. మినప్పప్పు, కరివేపాకు కోసం యూస్టన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్ దాకా పోవాలి, అది పెద్ద దూరం కాదులెండి, కానీ అక్కడ బజారు చిన్నది. రోజూ పప్పన్నం వండుకునేవాళ్లు ఇజ్లింగ్టన్ రెస్టారెంట్ల కోసం అంత అద్దె కట్టడం నాకైతే అర్థం కాదు.

వెంబ్లీ ఈలింగ్ రోడ్డు సంగతి రెండు ముక్కల్లో: శాకాహారులకి స్వర్గం, సీలియాక్ ఉన్నవాళ్లకి ఇంగువ సముద్రం. శనగపిండి చిరుతిళ్లు చూసి నోరూరుతుంది, కానీ అవి వేగిన నూనెలోనే కచోరీ వేగుతుంది, హాండ్వో అనే గుజరాతీ రొట్టెలో రవ్వ కలిపేవాళ్లూ ఉన్నారు. హౌన్స్‌లోలో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, హీత్రో దగ్గర ఉద్యోగమైతే ఆలోచించొచ్చు, పంజాబీ హోటళ్లు ఎక్కువ కాబట్టి తందూరీ రొట్టెల పొడిపిండి గురించి ఇందాక చెప్పిందే మళ్లీ చెప్పాలి.

నా ఓటు టూటింగ్‌కి. ఒక్కరే వెళ్తూ, జేబు బిగించి బతకాల్సిన స్టూడెంట్ అయితే ఈస్ట్ హామ్ తప్పకపోవచ్చు, అలాంటప్పుడు మంచి ఏరియా కంటే మంచి వంటిల్లు వెతకండి, ఆరుగురి ఇంటికంటే ఇద్దరు ముగ్గురి ఇల్లు, అందులోనూ రోజూ అన్నం వండుకునేవాళ్లున్న ఇల్లు మేలు. కంపెనీయే ఇల్లిస్తే ఇజ్లింగ్టన్‌కి కళ్లు మూసుకుని సరే అనండి.

ఏరియా కుదుర్చుకోక ముందే చేయాల్సిన పని ఒకటుంది. అనుమానమే తప్ప డాక్టరు తేల్చకపోతే, గోధుమ మానేయకుండానే పరీక్ష చేయించుకోండి. రక్తపరీక్ష సరిగ్గా పలకాలంటే కనీసం 6 వారాల పాటు, రోజూ ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ తింటూ ఉండాలి. ముందే మానేసి వెళ్తే రిపోర్టు నార్మల్ అని రావచ్చు, మళ్లీ మొదటికి రావాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తేలిపోయి ఉంటే ఆ రిపోర్టులన్నీ వెంట పట్టుకెళ్లండి, ఇల్లు దొరకగానే జీపీ, అంటే ఆ ఏరియా ఫ్యామిలీ డాక్టరు దగ్గర నమోదు చేయించుకునేటప్పుడు పనికొస్తాయి. డాక్టరు చీటీ మీద గ్లూటెన్ లేని బ్రెడ్డు, పిండి ఇచ్చే పద్ధతి ఇంగ్లండ్‌లో ఉంది, 2018 చివరి నుంచి ఆ రెంటికే పరిమితం, అవీ ఇస్తారా లేదా అన్నది ఆ ప్రాంతపు ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) బోర్డును బట్టి మారుతుంది. కాబట్టి చూస్తున్న ఇంటి పోస్ట్‌కోడ్ చెప్పి అక్కడి జీపీ క్లినిక్‌లో ముందే అడిగేయండి.

ఇల్లు చూడటానికి సాయంత్రం వెళ్లండి, వంట జరిగే టైముకి. బాత్రూమ్ కంటే ముందు వంటింటి గట్టు చూడండి, స్టవ్ పక్కన మీకంటూ తలుపు ఉన్న ఒక అర ఇస్తారా, మీ టోస్టర్, మీ పెనం గదిలో పెట్టుకోవడానికి అభ్యంతరం లేదా అని ఓనర్‌ని అడగండి. అమ్మ పంపే మాగాయ, పప్పుల పొడి సంగతి కూడా తేల్చుకోండి, "ఇంగువలో గోధుమేంట్రా" అని అమ్మ నవ్వుతుంది, నవ్వనివ్వండి, వాట్సాప్‌లో డబ్బా వెనక వైపు ఫోటో తీసి పంపమని అడగండి.