బీఏఎస్‌ఎల్‌పీ కోర్సు: చదివి బయటికి వచ్చాక రాసిన సమీక్ష

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి, ఎంబీబీఎస్ సీటు రాక, ఫిజియోథెరపీయా ఫార్మసీయా అని తేల్చుకోలేకపోతున్న విద్యార్థులకు ఎవరో ఒకరు బీఏఎస్‌ఎల్‌పీ (బ్యాచిలర్ ఇన్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ) పేరు చెబుతారు. వినికిడి పరీక్షలను, మాటకూ భాషకూ మింగడానికీ సంబంధించిన లోపాల చికిత్సను కలిపి నేర్పే ఈ డిగ్రీ నాలుగేళ్లది; అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. నేను దీనిని హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కళాశాలలో పూర్తి చేసి, ఇప్పుడు పిల్లల థెరపీ సెంటర్‌లో పనిచేస్తున్నాను. చదువుగా ఈ కోర్సుకు మంచి మార్కులే వేస్తాను. నా కళాశాల దానిని అందించిన తీరుకు మాత్రం సగం మార్కులకు మించి వేయలేను.

మొదటి సంవత్సరంలో చాలామందిని కంగారుపెట్టేది భౌతికశాస్త్రం. లెక్కలతో పని తీరిపోయిందనుకున్న బైపీసీ విద్యార్థి ఇక్కడ మళ్లీ లాగరిథమ్‌ల ముందు కూర్చోవలసి వస్తుంది. ధ్వని 10 డెసిబెల్స్ పెరిగితే దాని తీవ్రత పది రెట్లు అవుతుందన్న సంగతి ఒంటబట్టకపోతే, 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కొక్క పౌనఃపున్యం దగ్గర రోగి వినగలిగిన కనిష్ఠ స్థాయిని గుర్తించి గీసే ఆడియోగ్రామ్ ఒక గీతల బొమ్మగానే మిగిలిపోతుంది. దీనికి తోడు గొంతు, చెవి, మెదడుల నిర్మాణం, మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం ఉంటాయి. మా అధ్యాపకులు ధ్వని పాఠాన్ని వినికిడిని కొలిచే ఆడియోమీటర్ ముందే కూర్చోబెట్టి చెప్పారు; ఆ విషయంలో వారికి రుణపడి ఉన్నాను. మిగిలిన థియరీ చాలావరకు స్లైడ్లు చదివి వినిపించడంతో సరిపోయింది.

అసలు ఈ చదువు విలువ క్లినిక్‌లో తేలుతుంది. మూడేళ్లు దాటినా మాట రాని బిడ్డను తీసుకువచ్చిన తల్లి, నాలుకకు వస రాశామని, ఇంకా ఎదురుచూడమని పెద్దవాళ్లు అన్నారని చెబుతున్నప్పుడు, ఆ నమ్మకాన్ని చులకన చేయకుండానే ముందు వినికిడి పరీక్ష ఎందుకు చేయించాలో వివరించగలగడం ఏ పుస్తకంలోనూ దొరకదు. పక్షవాతం తరువాత మాట పడిపోయిన వ్యక్తి, గ్రహణం మొర్రికి శస్త్రచికిత్స జరిగినా మాట ముక్కులోంచి వచ్చే పిల్లవాడు, నత్తి కారణంగా ఇంటర్వ్యూలు మానుకున్న యువకుడు, రోజంతా పాఠాలు చెప్పి గొంతు బొంగురుపోయిన టీచరు: వీరందరినీ సూపర్‌వైజర్ పక్కన ఉండగా చూడటమే శిక్షణ. మంచినీళ్లు తాగితే పొలమారే రోగికి ఏ చిక్కదనంలో ద్రవం ఇవ్వాలో నిర్ణయించడం కూడా మా పనేనని చేరేటప్పుడు నాకు తెలియదు, మా బంధువులకు ఇప్పటికీ తెలియదు; వారి దృష్టిలో ఇది చెవి మిషన్లు అమ్మే చదువు.

నా కళాశాలపై నా ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడే ఉంది. ఒక సూపర్‌వైజర్ కింద అంతమంది విద్యార్థులను ఉంచడంతో, థెరపీ చేసేవారు ఒకరు, గోడకు ఆనుకుని చూసేవారు పలువురు అయ్యేవారు. లెసన్ ప్లాన్‌పై సంతకం పడేది గాని, అందులో ఫలానా లక్ష్యం ఎందుకు పెట్టావని అడిగేవారు అరుదు. ఇంటర్న్‌షిప్‌లో పెద్దాసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో పోస్టింగ్ దొరికాకే చేయి తిరిగింది.

రెండో లోపం ఒక్క కళాశాలది కాదు. పాఠాలు, పరీక్షలు ఇంగ్లిష్‌లో సాగుతాయి. ఎదురుగా కూర్చునే రోగి తెలుగులో మాట్లాడతాడు. ఇంగ్లిష్ పుస్తకాల్లోని ఉచ్చారణ పరీక్షలు పదం చివరి హల్లును తప్పకుండా పరీక్షించమంటాయి. మన పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆ భాగం మనకు పెద్దగా ఉపయోగపడదు. అంతకంటే ముఖ్యంగా చూడవలసిన ద్విత్వాక్షరాల సంగతి అక్కడ ఉండదు. పిల్లవాడు ‘ళ’కు బదులు ‘ల’ పలికితే, ఇంట్లో అందరూ అలాగే పలుకుతున్నారా అని విచారించకుండా లోపమని రాయకూడదు. మాట దెబ్బతిన్న వ్యక్తి ‘వచ్చాడు’, ‘వచ్చింది’ల మధ్య తడబడుతుంటే, ఇంగ్లిష్ వ్యాకరణం చుట్టూ అల్లిన ప్రశ్నావళి దానిని పట్టుకోదు. రాతలో ఇబ్బంది పడే పిల్లలు గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర చేసే పొరపాట్లదీ ఇదే కథ. తెలుగులో రూపొందిన పరీక్షా సామగ్రి లేకపోలేదు. దానిని తరగతి గదిలోకి తెచ్చే శ్రద్ధే తక్కువ. మేము బొమ్మల కార్డులు, పదాల జాబితాలు సొంతంగా తయారు చేసుకున్నాం. పాతబస్తీ నుంచి వచ్చే ఉర్దూ కుటుంబాల విషయంలో ఆ ఆసరా కూడా లేకపోయింది.

గ్రంథాలయం ఫరవాలేదు. హాస్టల్ గురించి రాయడానికి ఏమీ లేదు.

చేరదలచినవారు ముందుగా కళాశాలకు, ఈ చదువులను నియంత్రించే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. 1992 నాటి చట్టం ప్రకారం అక్కడ రిజిస్టర్ కానివారు ఈ వృత్తి చేయరాదు. ప్రవేశ పరీక్ష రాయగలిగినవారు 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థను మొదట ప్రయత్నించడం మంచిది. రోగుల సంఖ్యలోను, పరికరాల్లోను దానితో పోల్చదగినవి దేశంలో తక్కువ. మనకు దగ్గరలో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రధాన కార్యాలయం ముంబయిలోదే అయినా, ఆ పేరు గల పెద్దమనిషి ఒకప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి. ప్రైవేటు కళాశాలైతే భవనం చూసి మురిసిపోకుండా, ఉదయం పూట ఓపీడీలో (బయటి రోగులను చూసే విభాగంలో) ఒక గంట కూర్చుని, ఎంతమంది రోగులు వస్తున్నారో, వారిని ఎవరు చూస్తున్నారో గమనించాలి. మూడో సంవత్సరం విద్యార్థిని కలిస్తే, కిందటి వారం నీ చేతులతో ఎవరికి థెరపీ చేశావని అడగాలి. సమాధానం తడుముకోకుండా రావాలి.

ఉద్యోగాలకు కొరత లేదు గాని, మొదటి జీతం చూసి ఇంట్లోవారు నిరుత్సాహపడవచ్చు. వినికిడి యంత్రాల దుకాణాల్లో చేరినవారికి అమ్మకాల టార్గెట్లు తప్పవు. నా స్నేహితుల్లో కొందరు ఆ ఒత్తిడి భరించలేక పిల్లల సెంటర్లకు మారారు. ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) అమర్చిన పిల్లలకు శస్త్రచికిత్స తరువాత దీర్ఘకాలం థెరపీ అవసరం కాబట్టి, జిల్లాల్లో పనిచేయడానికి సిద్ధపడేవారికి చేతినిండా పని ఉంటుంది. పీజీ చేయదలచినవారు ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీలలో ఒకదానిని ఎంచుకోవచ్చు. నాకు రెండోదానిపైనే మనసుంది, అయితే ఈసారి కళాశాలను నేనే ఓపీడీలో కూర్చుని ఎంచుకుంటాను.