రెండు జీడిమామిడి కాలాలు వాడిన సిలికాన్ గొట్టం

శ్రీకాకుళం జి.టి. రోడ్డులో కళాశాలల ప్రయోగశాలలకు గాజు సామాను అమ్మే ఒక చిన్న దుకాణం ఉంది. రెండేళ్ల క్రితం అక్కడ మూడు మీటర్ల సిలికాన్ గొట్టం కొన్నాను. లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, బయటిది 12. మీటరు 120 రూపాయలు. దాన్ని సగానికి కోయించి రెండు ముక్కలు చేసుకున్నాను. వాటిలో ఒకటి ఇప్పటికీ పనిచేస్తోంది. రెండోదాన్ని మొన్న ఫిబ్రవరిలో పారేశాను.

నేను జీడిమామిడి పండ్లతో ఇంట్లో వెనిగర్ చేస్తాను. మా అత్తవారి తోట ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలో చెట్టన్నదాన్ని మిగల్చలేదు. మళ్లీ నాటిన అంటు మొక్కలు ఇప్పుడు నిండుగా కాస్తున్నాయి. పలాస కర్మాగారాలకు కావలసింది గింజే. పండు కోసిన మర్నాటికి నీరుగారిపోతుంది కాబట్టి చెట్ల కిందే కుళ్లిపోతుంది. అన్నేళ్లు ఎదురుచూసిన చెట్ల పండు అలా నేలపాలవుతుంటే నాకు ప్రాణం ఒప్పదు. అందుకే మార్చి నుంచి మే దాకా మా వంటింట్లో జాడీలు ఖాళీగా ఉండవు.

పండు పిండి, రసంలో చిక్కటి గంజి కలిపితే వగరు ముద్దకట్టి అడుగుకు దిగుతుంది. పైన తేరిన రసాన్ని వేరే జాడీలోకి తీసి ఈస్టు వేసి పులియబెట్టాలి. పులిశాక మళ్లీ మడ్డి వదిలి తేట తీయాలి. ఆ తేటకు గాలి తగిలేలా పల్చటి గుడ్డ కట్టి ఉంచితే కొన్ని వారాలకు వెనిగర్ అవుతుంది. ద్రాక్షతో వైన్ చేసేవారి పనీ మొదటి సగం వరకు ఇదే. జాడీని వంచి పోస్తే అడుగు మడ్డంతా కదిలి వచ్చేస్తుంది. అందుకని పై జాడీ బల్ల మీద, కింది జాడీ పీట మీద పెట్టి గొట్టంతో లాగాలి. ఒక్కో విడతలో ఆ గొట్టం మూడుసార్లు రసంలో మునుగుతుంది. దానిలో ఏది దాక్కుని ఉంటే అది రసంలోకి దిగుతుంది.

ఇది నాకు నష్టపోయాకే అర్థమైంది. అంతకుముందు తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన లెవెల్ ట్యూబు, అంటే పి.వి.సి. ప్లాస్టిక్ గొట్టం, వాడేదాన్ని. హార్డ్‌వేర్ దుకాణాల్లో చవగ్గా దొరుకుతుంది, లోపల ఏం పారుతోందో కనిపిస్తుంది. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో ఏడు అది మబ్బు పట్టినట్టు తెల్లబారింది. పి.వి.సి. గొట్టం నీరు పీల్చినా అలా తెల్లబారుతుంది, ఆరితే మళ్లీ తేటపడుతుంది. మాది ఆరినా తేటపడలేదు. నిలువునా కోసి చూస్తే లోపల వేలికి జారే జిగురు పొర ఉంది. అప్పటికే 18 లీటర్లు ఆ గొట్టంలోంచి పారాయి. వారం తిరిగేసరికి ఆ జాడీల మీద ముడతల తెల్లటి పొర, తడిసిన గోనెసంచి వాసన. అంతా పారబోశాను. తోటలో ఆ పండ్లు ఏరిన అత్తయ్య ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

ఆ తర్వాతే ఈ దుకాణానికి వెళ్లాను. అమ్మే పెద్దాయన ముందు "దేనికమ్మా?" అని అడిగారు. చెప్పాను. "పుల్లటి సరుకు, సారా గుణం ఉన్న సరుకు మామూలు పి.వి.సి.లో పోయకండమ్మా. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే మందు అందులోకి దిగుతుంది" అన్నారు. ఆహారానికి తగిన పి.వి.సి. వేరే ఉంటుందనీ, ఆ సంగతి గొట్టం మీదే ముద్రించి ఉంటుందనీ చెప్పారు. తరువాత సిలికాన్ గొట్టం చివర చిన్న ముక్క కోసి అగ్గిపుల్లతో కాల్చి చూపించారు. తెల్లటి బూడిద మిగిలింది. పి.వి.సి. ముక్కను కాలిస్తే నల్లటి పొగ, ముక్కు మండే ఘాటు. అడగకుండానే సరుకును పరీక్షించి చూపిన దుకాణదారుని మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇక గొట్టం సంగతి. దీని గొప్ప గుణం మరిగే నీళ్లకు చలించకపోవడం. పి.వి.సి. వేడికి మెత్తబడి నలిగిపోతుంది. దీన్ని పది నిమిషాలు మరిగించినా కొన్ననాటి మెత్తదనమే ఉంది. పది లీటర్ల జాడీని మూడు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. లోపాలూ ఉన్నాయి. జాడీ అంచు దగ్గర వంపు తిరిగిన చోట మడత పడి ధార ఆగిపోతుంది, చేత్తో పట్టుకునే ఉండాలి. పాలరంగులో ఉంటుంది కాబట్టి మడ్డి రావడం వెంటనే కనబడదు. మా వారు వెనక నుంచి ఫోను లైటు పట్టుకుంటే తప్ప ఆఖరి లీటరు తీయలేను. సిలికాన్‌లోంచి గాలి కూడా మెల్లగా దూరుతుంది. మూడు నిమిషాల పనికి అది లెక్కలోకి రాదు. వైన్ జాడీకి నెలల తరబడి బిగించి ఉంచే గొట్టంగా మాత్రం దీన్ని ఎంచుకోను.

శుభ్రం చేయడం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఎంత మంచి గొట్టమైనా ఇక్కడే చెడుతుంది. పని అయిన వెంటనే, జాడీకి గుడ్డ కట్టడం కంటే ముందు, గొట్టంలోంచి రెండు చెంబుల నీళ్లు పారించాలి. జీడిమామిడి రసం బట్టకు అంటితేనే మరక వదలదు. గొట్టంలో ఎండితే ఇక చెప్పనక్కరలేదు. ఆపైన లీటరు వేడి నీళ్లలో ఒక చెంచా సోడియం పర్కార్బొనేట్ కలిపి, గొట్టం నిండా ఆ నీళ్లు ఉండేలా మూత లేని గిన్నెలో అరగంట ముంచి ఉంచుతాను. అది చాకలి సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడుగా విడిపోయి పొరను ఊడదీస్తుంది. అప్పటికీ అనుమానం ఉంటే గాలపు దారం చివర చిన్న గుడ్డముక్క కట్టి ఆ చివర నుంచి ఈ చివరకు లాగుతాను. తీగ బ్రష్షు వాడకూడదు. అది గీసిన ప్రతి గీతా క్రిములకు ఇల్లే. తరువాత బాగా కడిగి, మరిగించి తీస్తాను. మొదట్లో క్రిములను చంపడానికి పొటాషియం మెటాబైసల్ఫైట్ నీళ్లు వాడేదాన్ని. దాని ఘాటు అత్తయ్య ఉబ్బసానికి పడలేదు. పైగా వెనిగర్ చేసే బ్యాక్టీరియాకు కూడా అది పడదు.

ఆరబెట్టడం మాకు అసలైన కష్టం. వానలు మొదలయ్యాక ఈ గాలిలో అప్పడమే ఆరదు, మీటరున్నర గొట్టం లోపల ఏం ఆరుతుంది? గిరగిరా తిప్పి నీళ్లు విదిల్చి, రెండు చివరలూ కిందికి ఉండేలా వేలాడదీసేదాన్ని. మర్నాడు చూస్తే మధ్యలో చుక్కలు. ఇప్పుడు చేపల తొట్టికి గాలి పంపే చిన్న మోటారును ఒక చివర తగిలించి గంటసేపు వదిలేస్తాను. గలగలా ఆరిపోతుంది. ఆ మోటారు ఎక్కడ పెట్టానో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ కదపరు.

రెండు ముక్కలకూ రంగు దారాలు కట్టాను. ఎర్ర దారం వెనిగర్‌కు, నీలం దారం పులిసే రసానికి. వెనిగర్ ముట్టిన గొట్టాన్ని పులవని రసంలో పెడితే రసం ముందే పుల్లబడి ఈస్టు మందగిస్తుంది. నోటితో పీల్చి ధార మొదలుపెట్టడం కూడా మానేశాను. కాచి చల్లార్చిన నీళ్లు గొట్టం నిండా పోసి, రెండు చివరలూ బొటనవేళ్లతో మూసి, ఒకదాన్ని ముంచి రెండోదాన్ని కింద వదిలితే చాలు.

పారేసింది ఎర్ర దారం ముక్క. మా అమ్మాయి సాయం చేద్దామని నిమ్మ వాసన సబ్బునీళ్లతో దాన్ని కడిగింది. సిలికాన్ వాసనలు పట్టేస్తుంది, పట్టిందంటే వదలదు. మూడుసార్లు మరిగించాను, రెండు రోజులు ఎండలో ఉంచాను. నా పరీక్ష ఒకటే: గొట్టం నిండా వేడి నీళ్లు పోసి, రెండు చివరలూ కలిపి బిగించి, గంట తరువాత ఆ నీళ్లను స్టీలు గ్లాసులోకి వంచి వాసన చూస్తాను. మూడోసారి కూడా నిమ్మే వచ్చింది. ఆ వాసన అమ్మాయికి చూపించాను, తనే తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసింది. ఒక జాడీ రసం కంటే గొట్టం ఎక్కువది కాదు. గొట్టం గట్టిపడినా, లోపల గీతలు పడినా, ఆరాక కూడా మరక మిగిలినా నేను అంతే చేస్తాను. చివర సాగి వదులైతే మాత్రం రెండు సెంటీమీటర్లు కోసేస్తే సరిపోతుంది.

ఈ మార్చి మొదటి వారంలో మళ్లీ అదే దుకాణానికి వెళ్లి మీటరున్నర తీసుకున్నాను. ధర 140కి పెరిగింది. పెద్దాయన ఈసారీ చివర ముక్క కోసి కాల్చి చూపారు. 10 మిల్లీమీటర్లది కావాలంటే ముందుగా చెప్పాలి, తెప్పించడానికి వారం పడుతుంది. ఆదివారాలు మూసి ఉంటుంది.