రత్నగిరి టూరు సర్వీసు: కారుకు మంచి మార్కులు, రాణి కథకు కాదు

మొన్న డిసెంబరులో మహారాష్ట్రలోని కొంకణ్ తీరానికి వెళ్లినప్పుడు, బస చేసిన చోటే వాకబు చేసి, రత్నగిరి చూపించే ఒక టూరు సర్వీసును మాట్లాడుకున్నాము. కారు, డ్రైవరు, హిందీలో వివరించే గైడు అన్నీ కలిపి నలుగురికి 4,500 రూపాయలు. కారు శుభ్రంగా ఉంది, చెప్పిన వేళకు పది నిమిషాల ముందే వచ్చింది, డ్రైవరు నిదానస్తుడు. నా అసంతృప్తి అంతా గైడు చెప్పిన కథతోనే.

ఆంగ్లేయులు గద్దె దించి ఇక్కడికి పంపిన బర్మా రాజు ఉన్న థీబా ప్యాలెస్‌లో గైడు రెండు గంటలు మాట్లాడారు. బర్మా (ఇప్పటి మయన్మార్) చివరి రాజైన ఆ థీబా గురించి ఓపికగానే చెప్పారు గానీ, పట్టపురాణి సుపయాలత్ దగ్గరికి వచ్చేసరికి, 1879లో రాజబంధువులను ఊచకోత కోయించిన క్రూరురాలు అని ఒక్క వాక్యంతో ముగించారు. అప్పటికి ఆమెకు 19 ఏళ్లు. థీబాను గద్దె ఎక్కించడంలో చక్రం తిప్పిన సుపయాలత్ తల్లి సిన్‌బ్యూమషిన్ పేరు ఆయన నోట రానే లేదు. సుపయాలత్‌ను నిర్దోషి అనడం నా ఉద్దేశం కాదు, కానీ పాపమంతా ఆమె ఒక్కతె నెత్తిన పెట్టడం చరిత్ర అనిపించుకోదు.

ఆయన దాటవేసిన భాగమే అసలు చెప్పవలసినది. 1885 నవంబరులో ఆంగ్లేయులు బర్మా రాజధాని మాండలేలోని కోటను పట్టుకుని, రాజునూ గర్భవతిగా ఉన్న రాణినీ ఇద్దరు చిన్న కూతుళ్లతో సహా స్టీమరెక్కించి ఐరావతి నది మీదుగా తరలించారు. మద్రాసులో ఉంచిన కొద్ది నెలల్లోనే మూడో కూతురు పుట్టింది, 1886 ఏప్రిల్‌లో రత్నగిరికి చేర్చారు. మేము చూస్తున్న ఈ ఎర్రటి భవనంలోకి వారు మారినది 1910లో, అంటే అప్పటికే ప్రవాసంలో ఇరవై నాలుగేళ్లు గడిచాక. మేడ మీద అర్ధచంద్రాకారపు కిటికీ రంగుటద్దాల గుండా నేల మీద పడిన ఎర్రని, పచ్చని వెలుగు మరకలను మా అమ్మాయి కాలితో తాకుతుంటే, ఈ గదుల్లో రాణి దినచర్య ఎలా ఉండేదని అడిగాను. గైడు గడియారం చూసుకున్నారు.

1916లో థీబా చనిపోయాక, ఆయన భౌతికకాయాన్ని బర్మాకు తీసుకువెళ్లనివ్వమని ఆమె కోరితే ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరకు 1919లో ఆయనను ఇక్కడే సమాధి చేశారు. ఆమె అదే ఏడాది స్వదేశం చేరినా మాండలేకు కాదు, రంగూన్‌కు. 1925లో అక్కడే కన్నుమూసింది, సమాధి ష్వేడగాన్ పగోడా సమీపంలో ఉంది. థీబా సమాధి పక్కనే ఉన్నది ఆమె చెల్లెలు, చిన్నరాణి సుపయాగలే సమాధి.

ఆ సమాధులు ఊళ్లో ఇళ్ల మధ్యనే ఉన్నాయి. మేము పట్టుబట్టి అడిగితే గానీ తీసుకువెళ్లలేదు, అదీ పది నిమిషాలే. అంతకు ముందు మామిడి తాండ్ర, జీడిపప్పు దుకాణంలో మాత్రం ముప్పావు గంట నిలబెట్టారు. (తాండ్ర బాగుంది, ఆ మాట దాచను.)

అయిదుకు మూడు ఇస్తున్నాను, ఆ మూడూ డ్రైవరువే. గైడు లేకుండా కారు మాత్రమే కావాలంటే 3,200 రూపాయలకు ఇస్తామన్నారు. మళ్లీ వెళితే అలాగే మాట్లాడుకుని, ముందుగా సమాధుల దగ్గరే దిగుతాము.