పత్మాసు యాత్రకి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

గ్రీసు ద్వీపం పత్మాసుకి వెళ్ళి నిన్న రాత్రే ఇంటికి చేరాం. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారాక "పోనీలే, దేవుడే చూసుకుంటాడు" అని ఊరుకుంటామని ఈ యాత్ర నడిపే ఆయనకి బాగా తెలుసు. ఆయన వ్యాపారం నడుస్తున్నదే దాని మీద.

ఏడు సంఘాల యాత్ర బ్రదర్ అంటే ఎవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. సభలు జరిగిన ప్రతిచోటా గేటు బయట బ్యానర్ ఉంటుంది చూడండి, గుహ ఫొటో, దాని పక్కన గుహ కన్నా పెద్దగా ఆయన ఫొటో. ఆయనే. టర్కీలో బైబిల్లోని ఆ ఏడు సంఘాల ఊళ్ళు, ఎఫెసు, స్ముర్న, లవొదికయ అన్నీ పరుగుల మీద చూపించాడు. అది వదిలేస్తున్నాను. హోటళ్ళ సంగతీ వదిలేస్తున్నాను. నా గొడవంతా పత్మాసులో జరిగినదాని గురించే.

మా అమ్మకి డెబ్బై దాటాయి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయం ఆవిడకి కంఠతా వచ్చు. ఆ గ్రంథం రాసిన యోహానుకి దర్శనం కలిగిందని చెప్పే పత్మాసు గుహలో కూర్చుని ఒక్కసారి ఆ అధ్యాయం చదువుకోవాలి, ఆవిడకి ఉన్న కోరిక అంతే. మాకు ఈ యాత్ర అమ్మింది ఆ కోరిక చూపించే. మోకాళ్ళ సంగతి ముందే చెప్పాం. "అమ్మగారూ, చెయ్యి పట్టుకుని మిమ్మల్ని లోపల కూర్చోబెట్టే పూచీ నాది" అన్నాడు. ఆ "అమ్మగారూ" గుర్తుంచుకోండి.

దగ్గర్లోని సామోస్ ద్వీపం నుంచి పడవ మమ్మల్ని పత్మాసులోని స్కాలా రేవులో దింపేసరికి ఇంకా పొద్దు ఎక్కలేదు. గుహ అక్కడికి దగ్గరే. స్కాలాకీ కొండ మీద ఉన్న ఖోరా ఊరికీ మధ్యలో, దారి పక్కనే. బస్సెక్కితే నిమిషాల పని. మరి మేం ఎక్కడికి వెళ్ళాం? రేవుకి ఎదురుగా ఉన్న షాపుకి! ఐకాన్లు, ఆలివ్ నూనె, వెండి సిలువలు. "పదే నిమిషాలు" అన్నాడు. షాపువాడు ఈయన్ని పేరు పెట్టి పిలిచి, కుర్చీ వేసి, కాఫీ తెప్పించాడు. ఇక ఆ పది నిమిషాలు ఎంతసేపు సాగాయో మీరే ఊహించుకోండి. నిక్కర్లు వేసుకొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకి మోకాళ్ళు కప్పుకోకుండా లోపలికి రానివ్వరని అప్పుడు చెప్పాడు. హైదరాబాదులో చెప్పి ఉంటే లుంగీలు తెచ్చుకునేవాళ్ళు, కానీ అప్పుడు ఈ షాపులో తువ్వాళ్ళు అమ్ముడుపోవు కదా. ఇది చాలదన్నట్టు "గుహ, మఠం ఎంట్రీ, లోకల్ గైడు" అని మనిషికి ముప్పై యూరోలు నగదు వసూలు చేశాడు. ఆ లోకల్ గైడు ఆడో మగో ఇప్పటికీ మాకు తెలియదు. గుహ దగ్గర టికెట్ ధర బోర్డు చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గుహ దగ్గర బస్సు దిగేసరికి ఒంటిగంటా పావు. మూసేది ఒకటిన్నరకి. సాయంత్రాలు వారంలో కొన్ని రోజులే తెరుస్తారట, మా రోజు వాటిలో లేదు. ఇన్నిసార్లు జనాన్ని తీసుకొచ్చిన మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను.

గుహలోకి కిందికి మెట్లు దిగాలి. కొంచెం ఎత్తైన మెట్లే. అమ్మ గోడ పట్టుకుని ఒకటి దిగింది, రెండు దిగింది, రెండో చేతిలో బైబిలు. వెనక నుంచి ఆయన వచ్చాడు. చెయ్యి ఇస్తాడనుకుని అమ్మ చెయ్యి చాపింది కూడా. ఆయన వాచీ చూసుకుని అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఏమ్మా, నువ్వు దిగి ఎక్కేసరికి వాళ్ళు తాళం వేసుకుపోతారు. నీ ఒక్కదాని కోసం ఇంతమందిని ఆపమంటావా? కింద మాత్రం ఏముంది, రాయే కదా!"

రాయే కదా. ఆ రాయిని బ్యానర్ మీద వేసుకుని ఊరూరా లక్షలు పోగేసుకున్న మనిషి, ఆ రాయి గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది. అమ్మగారు కాస్తా "నువ్వు" అయిపోయింది. చుట్టూ మన గుంపే, ఒక్కరూ నోరు మెదపలేదు. ఇద్దరు ఆవిణ్ణి తప్పించుకుని గబగబా దిగిపోయారు కూడా.

అమ్మ ఏమీ అనలేదు. చాపిన చేత్తో కొంగు సర్దుకుంది. బైబిలు సంచిలో పెట్టి జిప్పు వేసింది. "నువ్వు వెళ్ళి చూసి రా, నాకు చెబుదువుగాని" అంది.

వెళ్ళాను. కాపలా ఆయన తాళంచెవులు చేతిలో పట్టుకునే ఉన్నాడు. తల మీదకి వంగినట్టున్న నల్లటి రాతి కప్పు, అందులో మూడుగా చీలిన పగులు. దేవుని స్వరం వినిపించినప్పుడు పగిలిందని, త్రిత్వానికి గుర్తని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కింద గోడలో చిన్న గుంట, చుట్టూ వెండి అంచు. యోహాను తల ఆనించుకునేది అక్కడేనట. దీపాలు ఆర్పడం మొదలుపెట్టారు. లోపల ఫొటో తియ్యనివ్వరు, కాబట్టి అమ్మకి చూపించడానికి ఫోనులో కూడా ఏమీ లేదు. నోటితో చెప్పాను. ఆవిడ తల ఊపుతూ వింది.

ఇక పైన యోహాను మఠం. 1088లో క్రిస్టొడులోస్ అనే సన్యాసికి బైజాంటియం చక్రవర్తి అలెక్సియోస్ కొమ్నెనోస్ ఈ ద్వీపాన్ని రాసిచ్చేస్తే ఆయన కట్టించిన మఠం. సముద్రపు దొంగల భయానికి కోటలా కట్టారు. చక్రవర్తి ఇచ్చిన శాసనం అక్కడే భద్రంగా ఉంది. ఊదారంగు వేసిన తోలు రేకుల మీద వెండి అక్షరాలతో రాసిన ఆరో శతాబ్దపు మార్కు సువార్త రేకులు కూడా ఉన్నాయి. 1999లో మఠం, గుహ, ఖోరా కలిపి యునెస్కో జాబితాలో చేర్చారు. ఇవన్నీ నాకు ఎలా తెలుసంటే, తిరుగు పడవలో ఫోనులో చదివాను. మేం చూసింది గోడ, మూసిన తలుపు. అడిగితే "అది మ్యూజియం సిస్టర్, మన యాత్రకి సంబంధం లేదు" అన్నాడు. మార్కు సువార్తకి మన యాత్రతో సంబంధం లేదట! షాపుకి మాత్రం ఉంది.

ముప్పై యూరోల లెక్క వాట్సాప్ గ్రూపులో అడిగాను. "సణుగుడు ఇశ్రాయేలీయులకి మంచి చెయ్యలేదు" అని జవాబు పెట్టి నన్ను గ్రూపులోంచి తీసేశాడు. కొసమెరుపు ఏంటంటే, వచ్చే యాత్ర ప్రకటనలో మా గుంపు ఫొటో వేశాడని ఇందాకే మా పిన్ని పంపింది. అందులో మా అమ్మ ముందు వరసలో ఉంది. తీసెయ్యమని మెసేజ్ పెట్టాను, చూసి ఊరుకున్నాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఆయన్ని వదిలేసి సొంతంగా వెళ్ళండి. పత్మాసుకి విమానాశ్రయం లేదు, ఏథెన్స్ దగ్గరి పిరెయస్ రేవు నుంచీ, కోస్, సామోస్ ద్వీపాల వైపు నుంచీ పడవలున్నాయి. ఒక రాత్రి స్కాలాలో ఉండండి, పొద్దున్నే గుహ, తర్వాత మఠం. తెరిచే వేళలు ముందురోజే అక్కడ అడగండి. పెద్దవాళ్ళుంటే మెట్ల సంగతి చూసుకోండి. ఏజెంటుతోనే వెళ్తామంటే "లోపలికి ప్రవేశం" అన్న ముక్క కాగితం మీద రాయించుకోండి, మా కాగితంలో "పత్మాసు సందర్శన" అని మాత్రమే ఉంది.

రెండో వాయిదా ఇంకా కట్టనివాళ్ళుంటే ఆపెయ్యండి. మా రశీదులు, ఆ గ్రూపు స్క్రీన్‌షాట్లు అన్నీ నా దగ్గర ఉన్నాయి, మెసేజ్ పెడితే పంపిస్తాను. ఆయన మనుషులు ఇక్కడికొచ్చి క్షమాపణ గురించి వాక్యాలు పెట్టనక్కర్లేదు, మా అమ్మ పొద్దుటి నుంచీ అదే చెబుతోంది.