నవాహో ఎర్ర ఇసుకలో ఆరేళ్లు వాడిన ట్రైపాడ్

ట్రైపాడ్ (కెమెరాను నిలబెట్టే మూడు కాళ్ల స్టాండ్) సమీక్షల్లో ఎప్పుడూ మూడు అంకెలే తిరుగుతుంటాయి: బరువెంత, ఎత్తెంత, ఎన్ని కిలోలు మోస్తుంది. అమెరికా నైరుతిలోని నవాహో ఆదివాసుల నేలలో ఆ మూడూ తర్వాతి సంగతులు. ముందు చూడాల్సింది వేరు. కాలి లాకును (కాలి గొట్టాలను బిగించే కాలర్‌ను) ఏ పనిముట్టూ లేకుండా, వట్టి చేతులతో, పూర్తిగా విప్పి మళ్లీ బిగించగలమా?

వాడినది నాలుగు భాగాల కార్బన్ ఫైబర్ ట్రైపాడ్. పై గొట్టం 32 మి.మీ., సెంటర్ కాలమ్ (మధ్యలో పైకి లేచే కడ్డీ) లేదు, మెలితిప్పే లాకులు, హెడ్ (పైన కెమెరాను పట్టే భాగం) లేకుండా 2 కిలోలకు కాస్త తక్కువ. వాడింది ఎక్కువగా మాన్యుమెంట్ వ్యాలీలో, కాన్యన్ డి షే లోయ అంచుల మీద, న్యూ మెక్సికోలోని షిప్‌రాక్ చుట్టూ. ఏడాదికి మూడు రోజులు వచ్చిపోయేవాళ్లకు ఇందులో సగం అక్కర్లేదు. డీనే (నవాహోలు తమను తాము పిలుచుకునే పేరు ఇదే) ఫొటోగ్రాఫర్లలో చాలామందికి ఇంటి ముంగిట కనిపించే రాతిబండే జీవితకాలపు సబ్జెక్టు. అలా వారం వారం అదే ఇసుకలో కాళ్లు దించేవాళ్ల కోసం ఇది.

ఇసుక అంత చేటు ఎందుకు చేస్తుందంటే, మాన్యుమెంట్ వ్యాలీలో నిలువుగా లేచే గోడలు డి షే ఇసుకరాయి. ఒకప్పటి గాలి ఇసుక తిన్నెలే గట్టిపడి రాయయ్యాయి, ఇప్పుడు అరిగి మళ్లీ ఇసుకవుతున్నాయి. గింజ క్వార్ట్జ్, పైన ఐరన్ ఆక్సైడ్ పూత, ఆ ఎరుపు దానిదే. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో క్వార్ట్జ్‌ది 7. లాకు కాలర్‌లోని అల్యూమినియం మర (స్క్రూ చుట్లు) దాని ముందు వెన్నలాంటిది. గ్రీజుకు ఆ పొడి అంటుకుందంటే మీ చేతిలో ఉన్నది లాకు కాదు, తిరగలి. మొదటి నెలల్లో తిప్పుతుంటే గరగరమంటుంది. పట్టించుకోకపోతే మర అరిగి, బిగించినా కాలు మెల్లగా దిగిపోతుంటుంది. చాలామంది దాన్ని ట్రైపాడ్ లోపం అనుకుంటారు.

సగం బెడద కాళ్లు తెరిచే పద్ధతిలోనే పోతుంది. ఇంట్లో పై భాగం ముందు లాగడం అలవాటు, ఎందుకంటే లావు గొట్టం గట్టిగా ఉంటుంది. ఇసుకలో ఈ వరసను తిరగెయ్యాలి. అన్నిటికన్నా కింది సన్నటి భాగాన్ని ముందు 15 సెం.మీ. బయటికి లాగి, ఆ తర్వాతే పైవి. అప్పుడు కింది లాకు ఇసుకలో మునగదు. మూసేటప్పుడు ఇంకా ముఖ్యం. ఇసుక అంటిన గొట్టాన్ని అలాగే లోపలికి తోశారో, ఆ పొడినంతా చేజేతులా షిమ్ముల (లాకు లోపల గొట్టాన్ని పట్టి ఉంచే చిప్పల) దాకా మోసినట్టే. ముందు పొడి గుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి. తడి ఉంటే కారు వరకూ కాళ్లు తెరిచే మోసుకెళ్లాలి.

తిన్నె మీద నిలబెట్టడంలో ఇంకో పొరపాటు, కాళ్లను ఆగే మెట్టు (అంతకన్నా విచ్చుకోకుండా పైన ఆపే అడ్డు) దాకా పూర్తిగా చాచి, పైనుంచి అదమడం. పాదాలు దిగేకొద్దీ కాళ్లు ఇంకా విచ్చుకోవాలని చూస్తాయి, మెట్టు అడ్డుపడుతుంది, ఆ ఒత్తిడంతా పై కీలు మీద పడుతుంది. కీలు విరిగేది ఇలాగే. కొంచెం తక్కువ చాచి, ఒక్కో కాలినీ దాని వాలు వెంబడే నొక్కి, మెట్టుకు తగిలేదాకా దించాలి. తర్వాత ఒక నిమిషం ఆగండి, ఇసుక ఇంకా సర్దుకుంటుంది. ఆగకుండా 30 సెకన్ల ఎక్స్‌పోజర్ తీస్తే బ్యూట్ (ఒంటరిగా నిలిచిన రాతికొండ) అంచు రెండు గీతలుగా వస్తుంది, లెన్సును తిట్టుకుంటారు. మేకు పాదాలు ఇసుకలో బాగుంటాయి కానీ వట్టి ఇసుకరాయి మీద గీతలు పెడతాయి. రాయి మీదికి రాగానే రబ్బరు పాదాలకు మారిపోవాలి. నల్లగా పొక్కుల్లా కనిపించే నేల ఉంటే అక్కడ ట్రైపాడూ వద్దు, మన కాలూ వద్దు. అది ప్రాణమున్న మట్టి పొర, తొక్కితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

గాలి మార్చి నుంచి మే దాకా ఎక్కువ. సంచిని ట్రైపాడ్ కొక్కేనికి వేలాడదీస్తే స్థిరంగా ఉంటుందని అందరూ చెబుతారు. గాల్లో ఊగే సంచి ట్రైపాడ్‌నీ ఊపుతుంది. సంచి అడుగు నేలకు తగిలేలా కట్టాలి. కెమెరా పట్టీ తీసెయ్యాలి, ఎండ సూటిగా పడకపోతే లెన్స్ హుడ్ కూడా. సెంటర్ కాలమ్ లేని మోడల్ కొన్నందుకు సంతోషించేది ఇలాంటి రోజుల్లోనే.

శుభ్రం చేయడం నాలుగైదు సార్లు బయటికెళ్లాక ఒకసారి. తుఫాను గాలిలో తీస్తే అదే రాత్రి. ఒక కాలు పూర్తయ్యాకే రెండోది, ముక్కలు కలిసిపోకూడదు. కింది కాలర్‌ను పూర్తిగా విప్పి గొట్టం లాగితే, దాని పైకొసకు రెండు సగం చిప్పలు అంటుకుని వస్తాయి, అవే షిమ్ములు. వాటి బొడిపెలు గొట్టం రంధ్రాల్లో కూర్చుంటాయి, ఏది ఎటు ఉందో ముందే ఫోటో తీసి పెట్టుకోండి. అన్నిటినీ గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా గిన్నెల సబ్బు, పాత టూత్ బ్రష్‌తో కడిగి, రాత్రంతా ఆరనివ్వాలి. గ్రీజు మర మీద మాత్రమే, కాలర్‌కు బియ్యపు గింజంత. షిమ్ము మీద గానీ గొట్టం మీద గానీ పడితే కాలు జారుతుంది, ఎందుకంటే అక్కడ పట్టు ఇచ్చేది రాపిడే. స్ప్రే నూనెలు అసలొద్దు. ఉన్న గ్రీజును కరిగించి, దుమ్మును పిలిచి కూర్చోబెడతాయి. బాల్ హెడ్‌కూ ఇదే సూత్రం, గోళం మీద చుక్క నూనె కూడా వద్దు, పొడి గుడ్డ చాలు.

ఆరేళ్లలో మార్చింది షిమ్ముల సెట్టు ఒకసారి, రబ్బరు పాదాలు రెండుసార్లు. కింది గొట్టాల మెరుపు పోయి బూడిదరంగు వచ్చింది, బలం తగ్గలేదు. పై కీళ్ల బోల్టులు మాత్రం నెలకోసారి చూడాలి. కాలిని అడ్డంగా ఎత్తి వదిలితే అక్కడే నిలవాలి, టపీమని పడిపోతే అలెన్ కీతో పావు చుట్టు బిగించాలి.

మళ్లీ కొనాల్సి వస్తే మూడు భాగాలదే. నాలుగు భాగాల దానికి తొమ్మిది లాకులు, దీనికి ఆరే. విమానంలో సర్దడానికి పొడవు ఇబ్బంది, ఇంటి దగ్గర తీసేవాళ్లకు ఆ గొడవే లేదు. ఫ్లిప్ లాకుల (మీట మడిచి బిగించేవి) వైపు కూడా మనసు పోతుంది, లోపల మర లేదు కాబట్టి. కానీ వాటి బిగింపు స్క్రూ దానంతటదే వదులవుతుంది, చలికాలపు పొద్దున గ్లవ్స్‌తో ఉన్నప్పుడే అది బయటపడుతుంది.

ఇంత జాగ్రత్తా అక్కర్లేని చోట్లూ ఉన్నాయి. ఆంటెలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయలో మామూలు టూర్లకు ట్రైపాడ్ అనుమతి లేదు, అక్కడ ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) పెంచి చేత్తో తీయడమే. మాన్యుమెంట్ వ్యాలీలో మాత్రం 17 మైళ్ల మట్టి రోడ్డు దాటి, టోటెమ్ పోల్ అనే సన్నటి రాతి స్తంభం ఎదురుగా ఉన్న తిన్నెల దగ్గరికి నవాహో గైడ్‌తోనే వెళ్లాలి. నిజమైన ఇసుక పరీక్ష అక్కడే. డ్రోన్లు నిషేధం, అమ్ముకునే ఫొటోలకు వేరే పర్మిట్. మనుషులనూ ఇళ్లనూ అడగకుండా తీయకూడదు. మార్చి చివరి వారంలో, సెప్టెంబరు మధ్యలో సూర్యాస్తమయానికి వెస్ట్ మిటెన్ అనే బ్యూట్ నీడ ఈస్ట్ మిటెన్ అనే ఇంకో బ్యూట్ మీద పడుతుంది. విజిటర్ సెంటర్ గట్టు మీద ఆ సాయంత్రాలు ట్రైపాడ్ కాళ్ల మధ్య ట్రైపాడ్ కాళ్లే. ఫీనిక్స్ నుంచి బయల్దేరే మనవాళ్లు గడియారం చూసుకోవాలి. ఆరిజోనాలో వేసవి సమయం (గడియారాన్ని గంట ముందుకు జరపడం) మార్చరు, నవాహో నేషన్‌లో మారుస్తారు, మధ్యలో ఉన్న హోపీ ఆదివాసుల నేలలో మళ్లీ మార్చరు. ఫీనిక్స్ సమయాన్నే నమ్ముకుంటే, గంట ఆలస్యంగా నీడ వెళ్లిపోయాక చేరతారు.

కొనేముందు దుకాణంలో ఒక పని చేయండి. కింది లాకును అక్కడే పూర్తిగా విప్పి, షిమ్ములు బయటికి తీసి, మళ్లీ పెట్టి చూడండి. విడి షిమ్ములు అమ్ముతారా అని అడగండి. అమ్మకపోతే, ధర ఎంత తక్కువైనా వదిలేయండి.