26 దగ్గర ఒకే గీత: బీసీఎల్-2 యాంటీబాడీ వాడి చూశాక

మే నెల మిట్టమధ్యాహ్నం మా ల్యాబ్‌కి బీసీఎల్-2 యాంటీబాడీ (ఆ ఒక్క ప్రోటీన్‌కే అతుక్కుని దాన్ని చూపించే మందు) డబ్బా వచ్చింది. తెరిస్తే ఐస్ ప్యాకులన్నీ కరిగి గోరువెచ్చగా ఉన్నాయి. విశాఖ ఉక్కపోతలో అది ఎన్ని గంటలు తిరిగిందో! గ్రాంటులో మిగిలిన డబ్బంతా ఆ 100 మైక్రోలీటర్ల యాంటీబాడీ మీదే పెట్టాను. వేడికి పాడైపోయిందనుకుని నిజంగా ఏడుపొచ్చింది.

బీసీఎల్-2 కణం చావును అడ్డుకునే ప్రోటీన్. బ్యాక్స్, బ్యాక్ అనే ప్రోటీన్లు మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) పైపొరకు చిల్లులు పెట్టకుండా ఇది పట్టి ఉంచుతుంది. క్యాన్సర్ కణాలు మందుకు లొంగకపోవడానికి ఇదో పెద్ద కారణం. నా థీసిస్‌లో సగం దీని చుట్టూనే.

భయపడుతూనే మొదటి బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో సైజు వారీగా విడదీసి, యాంటీబాడీతో కావాల్సినదాన్ని గీతగా చూసే పరీక్ష) వేశాను. 12 శాతం జెల్, ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల లైసేట్ (కణాలు పగలగొట్టి తీసిన ద్రవం) 30 మైక్రోగ్రాములు, యాంటీబాడీ వేరేచోట అతుక్కోకుండా 5 శాతం పాలపొడిలో బ్లాకింగ్, యాంటీబాడీ 1:1000 పలచనలో, రాత్రంతా 4 డిగ్రీల్లో. పొద్దున ఫిల్మ్ కడిగితే బీసీఎల్-2 సైజైన 26 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర ఒక్కటే గీత, గీసినట్టు. పక్కన హీలా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు) లేన్‌లో లీలగా కనిపించింది. ఆ కణాల్లో ఈ ప్రోటీన్ తక్కువే, కాబట్టి అదే సరైన జవాబు. ఆ ఫిల్మ్ పట్టుకుని మేడమ్ గదికి పరిగెత్తాను.

పలచన చేసిన యాంటీబాడీని మూడుసార్లు మళ్లీ వాడుకోవచ్చు, నాలుగోసారికి గీత మసకబారింది. ఎలుక మెదడు శాంపిల్‌లో ఏమీ రాలేదు. డేటాషీట్‌లో మనిషి కణాలకే అని ఉంది, తప్పు దానిది కాదు. ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో (కణాల్లో ప్రోటీన్‌ను మెరిసే రంగుతో మైక్రోస్కోపు కింద చూడటం) మాత్రం బ్యాక్‌గ్రౌండ్, అంటే అక్కర్లేని మెరుపు, ఎక్కువ. 1:200 నుంచి 1:400కి తగ్గించాకే మైటోకాండ్రియా చుట్టూ స్పష్టంగా మెరిసింది.

సీసాలో సగం గ్లిసరాలే కాబట్టి మైనస్ 20లోనూ గడ్డకట్టదు. మళ్లీ ఇదే కొంటాను, కానీ డిసెంబరులో తెప్పిస్తాను.