రాయలసీమ ఎండకూ చీకటికీ సరిపడే దుర్భిణి: 8×42పై సమీక్ష

గాలం వేసుకొని కూర్చుందామంటే హంద్రీలోనూ పెన్నలోనూ ఏడాది పొడవునా నీళ్ళుండవు. అందుకేనేమో కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఆరుబయట కాలక్షేపం కోరుకునేవారు ఎక్కువగా కొండలెక్కుతారు, కోటలు తిరుగుతారు, చెరువుగట్ల మీద నిలబడి పక్షులను చూస్తారు, అమావాస్య దగ్గరపడినప్పుడు ఊరి దీపాలకు దూరంగా వెళ్ళి నక్షత్రాలను చూస్తారు. ఈ వ్యాపకాలన్నింటికీ విడివిడిగా సామాను కొనడం మొదలుపెడితే ఖర్చుకు అంతు ఉండదు. అన్నింటిలోనూ అక్కరకు వచ్చే వస్తువు ఏదైనా ఉందంటే అది మంచి దుర్భిణి (బైనాక్యులర్స్). సుమారు 12,000 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న 8×42 దుర్భిణిని చలికాలంలోనూ ఎండాకాలంలోనూ, పగలూ రాత్రీ వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. ఇవే కొలతలతో, ఇంచుమించు ఇదే నిర్మాణంతో అనేక కంపెనీలు దుర్భిణులు అమ్ముతున్నాయి కనుక, పేరు కన్నా తరగతి ముఖ్యమని భావించి కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు.

కొనేవారు తడబడేది కొలతల దగ్గరే కాబట్టి ముందుగా వాటి సంగతి చెప్పాలి. మొదటి అంకె దృశ్యాన్ని ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది. రెండవది ముందువైపు ఉన్న పెద్ద కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండవదాన్ని మొదటిదానితో భాగిస్తే 5.25 వస్తుంది. కంటివైపు బయటికి వచ్చే కాంతి వలయం వ్యాసం అన్ని మిల్లీమీటర్లు. మధ్యాహ్నపు ఎండలో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తెరుచుకోదు కనుక ఆ వేళ ఇంత కాంతి అవసరం లేదు. అయితే పక్షులు చురుకుగా తిరిగేది తెల్లవారే వేళలోనూ పొద్దుగూకే వేళలోనూ. అప్పుడు కంటిపాప పెద్దదవుతుంది; జేబులో పట్టే 8×25 దుర్భిణి ఇవ్వగలిగేది 3 మిల్లీమీటర్ల వలయమే కాబట్టి, కొమ్మల మాటున కూర్చున్న గుడ్లగూబ అందులో నల్లని ముద్దగానే మిగిలిపోతుంది.

రెట్లు పెరిగినకొద్దీ దుర్భిణి మేలైనదన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిది. తిరునాళ్ళలోనూ ఆన్‌లైన్‌లోనూ 20 రెట్లు, 30 రెట్లు, జూమ్ అంటూ అమ్మే చవక దుర్భిణులు ఈ నమ్మకం మీదనే నడుస్తున్నాయి. రెట్లు పెరిగితే చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుందని, చూపులో పడే ప్రదేశం కుంచించుకుపోతుందని, వెలుతురు తగ్గుతుందని ఆ పెట్టెల మీద ఎవరూ రాయరు. పదిరెట్ల 10×42 మంచి సాధనమే. అయినా మన ప్రాంతానికి ఎనిమిది రెట్లే మేలని నా అభిప్రాయం. దానికి కారణం ఎండ. నేల వేడెక్కిన తరువాత దానిని ఆనుకొని ఉన్న గాలి పొరలు వేరువేరు ఉష్ణోగ్రతల్లో ఉండి, వాటి గుండా వచ్చే కాంతి ఎడతెగకుండా వంగుతూ ఉంటుంది. దూరంగా ఉన్న జింక కాళ్ళు నీళ్ళలో తేలుతున్నట్టు కనిపించడానికి కారణం అదే. ఆ అలజడిని పెద్దది చేసి చూపడం తప్ప ఎక్కువ రెట్లు అదనంగా చేసేదేమీ ఉండదు.

ఈ దుర్భిణికి అసలైన పరీక్ష రోళ్ళపాడు. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా చేరుకునే ఈ గడ్డిమైదానాన్ని బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. జిల్లాల విభజన తరువాత ఇది నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. మీటరు ఎత్తుండే ఆ పక్షి ఇప్పుడు అక్కడ కనిపించడం లేదు, ఎంత ఖరీదైన దుర్భిణి అయినా లేని పక్షిని చూపలేదు. అయినా చలికాలంలో రోళ్ళపాడుకు వెళ్ళడానికి కారణాలు తక్కువేమీ కాదు. కృష్ణజింకల మందలు ఉంటాయి. మధ్య ఆసియా వైపు నుంచి వలస వచ్చే హారియర్ జాతి గద్దలు సాయంత్రం కాగానే గడ్డిలో రాత్రి విశ్రాంతికి దిగుతాయి. రెక్కలను కొద్దిగా పైకెత్తి పట్టుకొని, గడ్డి తలలను తాకుతున్నంత కిందుగా తేలుతూ, ఉన్నట్టుండి పక్కకు మళ్ళే ఈ గద్దలను వెంబడించడం ఏ దుర్భిణికైనా కష్టమైన పనే.

ఇక్కడే చూపు వెడల్పు విలువ తెలుస్తుంది. ఈ దుర్భిణి చూపు ఎనిమిది డిగ్రీలు, అంటే వెయ్యి మీటర్ల దూరంలో సుమారు 140 మీటర్ల వెడల్పైన ప్రదేశం ఒకేసారి కనిపిస్తుంది. గద్ద మళ్ళినా చూపులో నుంచి జారిపోదు. మాంటేగు హారియర్ మగపక్షికి బూడిదరంగు రెక్క మీద అడ్డంగా నల్లని చార ఉంటుంది, పాలిడ్ హారియర్ మగపక్షికి అది ఉండదు. సాయంత్రపు ఏటవాలు వెలుతురులో ఆ చారను తేల్చి చెప్పగలిగినప్పుడు పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందనిపించింది. ఆడపక్షులూ పిల్లపక్షులూ గోధుమరంగులో ఒకేలా ఉండి, అనుభవజ్ఞులను కూడా తికమక పెడతాయి కనుక ఆ విషయంలో దుర్భిణిని నిందించడం న్యాయం కాదు. దృశ్యం నడిమి భాగం చాలా స్పష్టంగానూ, అంచుల దగ్గర కొద్దిగా మెత్తగానూ ఉంటుంది. పక్షిని నడిమికి తెచ్చుకొని చూసే అలవాటున్నవారికి ఇది లోపంగా తోచదు.

చెరువుల దగ్గర ఈ పరికరం చేసే మేలు మరొక రకమైనది. కర్నూలుకు దగ్గరలోని గార్గేయపురం చెరువు వద్దనో, రోళ్ళపాడుకు సమీపంలోని అలగనూరు జలాశయం వద్దనో నీటి నడుమ ఉన్న బాతుల గుంపును గట్టు దిగకుండానే చూడవచ్చు. హిమాలయాలను దాటి వచ్చే, తల వెనుక రెండు నల్లని పట్టెలుండే బాతులు మనిషి దగ్గరికి వెళితే లేచిపోతాయి. వాటిని లేపకుండా చూడడమే ఈ వ్యాపకంలోని మర్యాద. వీరాపురంలో అటువంటి ఇబ్బంది లేదు. పాత అనంతపురం జిల్లాలోని, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని ఆ ఊరిలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకునే పెద్ద కొంగలను గ్రామస్థులు తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్నారు. పత్రికలు వాటిని సైబీరియా కొంగలని రాస్తుంటాయి కాని అవి మన ఉపఖండానికి చెందిన పెయింటెడ్ స్టార్క్‌లు. పసుపుపచ్చని పొడవాటి ముక్కు, తోక దగ్గర గులాబీరంగు ఈకలు ఈ దుర్భిణిలో నిండుగా కనిపిస్తాయి. అయితే కాంతివంతమైన ఆకాశం ముందు నిలిచిన తెల్లని పక్షి చుట్టూ సన్నని ఊదారంగు అంచు కూడా కనిపిస్తుంది. ఇది ఈ ధరలోని కటకాల సహజమైన పరిమితి. దీనిని బాగా తగ్గించే ఈడీ గాజు కావాలంటే మరికొన్ని వేలు పెట్టవలసి ఉంటుంది, వీరాపురం వంటి చోట తప్ప ఆ తేడా నన్ను ఇబ్బంది పెట్టలేదు.

కలివికోడిని చూడడానికి పనికి వస్తుందా అని కడప మిత్రులు తప్పకుండా అడుగుతారు. పనికిరాదు. 1900 తరువాత కనిపించకుండా పోయి, అంతరించిందనుకున్న తరువాత 1986లో లంకమల ప్రాంతంలో మళ్ళీ బయటపడిన ఆ పక్షి రాత్రివేళ పొదల మధ్య తిరిగేది. అక్కడికి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. దుర్భిణి కొన్న ఉత్సాహంతో దాని వెంట పడడం ఆ పక్షికి చేసే అపకారమే అవుతుంది.

రాత్రి ఆకాశం విషయంలో ఈ దుర్భిణి నా అంచనాను మించింది. గండికోటలో కోటకు దగ్గరగా గుడారాలు అద్దెకు ఇచ్చేవారున్నారు; అక్కడ బస చేసేవారిలో చాలామంది సూర్యోదయం కోసం నిద్ర లేస్తారు కాని అంతకు ముందున్న చీకటిని వృథా చేస్తారు. కంటికి ఆరేడు చుక్కలుగా కనిపించే కృత్తికలు ఇందులో డజన్లకొద్దీ నీలికాంతుల నక్షత్రాలుగా విడిపోతాయి. ఓరియన్ (వేటగాడు) రాశి నడుముపట్టీ కింద నెబ్యులా, అంటే వాయువులూ ధూళీ నిండిన మేఘం, పల్చని తెల్లని మసకగా కనిపిస్తుంది. సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ కూడా చంద్రుడు లేని రాత్రి సాగదీసిన వెలుగుమచ్చగా దొరుకుతుంది. వేసవిలో వృశ్చికరాశి తోక నుంచి మొదలుపెట్టి పాలపుంత వెంట మెల్లగా దుర్భిణిని జరుపుకుంటూ పోవడం, పక్కా టెలిస్కోపులు ఇరుకైన చూపుతో ఇవ్వలేని అనుభవం. గురుగ్రహం నాలుగు పెద్ద చంద్రులు చేయి కదలకుండా ఉంటేనే కనిపిస్తాయి. కారు పైకప్పుకో గోడకో దుర్భిణిని ఆనించి చూడాలి. శనిగ్రహ వలయాలు ఎనిమిది రెట్లకు విడివడవు, ఆ ఆశతో కొనవద్దు. ఆకాశమే ప్రధానమైనవారికి 10×50 మరింత నయం, కాని దానిని మెడలో వేసుకొని కొండలెక్కడం మరో విషయం. చాపమీద వెల్లకిలా పడుకొని మోచేతులను పక్కటెముకలకు ఆనించుకుంటే ఈ 8×42 మెడ నొప్పి లేకుండా చాలాసేపు నిలుస్తుంది. పగటిపూట దీనితో సూర్యుని వైపు చూడరాదని పిల్లలున్న ఇళ్ళలో ఒకటికి రెండుసార్లు చెప్పాలి; క్షణంలో చూపు పోవచ్చు.

కోటలు, రాళ్ళ విషయంలో చెప్పవలసినది కొద్దిగానే ఉంది. పెన్న కోసుకుంటూ పోయిన గండికి అవతలి గోడలోని రాతిపొరలు, వాటి అరల్లోని గూళ్ళు, ఓర్వకల్లు దగ్గరి శిలల మీది గాట్లు ఇవతల నిలబడే చదువుకోవచ్చు. రెండు మీటర్ల దగ్గరి వస్తువు మీద కూడా చూపు కుదురుతుంది కనుక సీతాకోకచిలుకలను, తూనీగలను వాటి మీదికి వంగకుండానే పరిశీలించవచ్చు. వాన పడిన తరువాత నల్లమలలో ఇది పక్షుల కన్నా ఎక్కువ పని కల్పిస్తుంది.

లోపాలకు వస్తే, పెట్టెలో ఇచ్చిన మెడపట్టీ అన్నింటికన్నా నాసిరకమైనది. దుర్భిణి బరువు సుమారు 700 గ్రాములు. ఆ సన్నని పట్టీతో గంటసేపు నడిస్తే మెడ వెనుక చెమటకు ఒరిపిడి మొదలవుతుంది. భుజాల మీదుగా వేసుకునే జీను వంటి పట్టీని వేరుగా కొనుక్కోవలసి వచ్చింది, ఆ తరువాత బరువు సమస్యే తెలియలేదు. ముందు కటకాల రబ్బరు మూతలు వదులుగా ఉండి పొదలకు తగిలి ఊడిపోతాయి. స్పష్టతను సరిచేసే నడిమి చక్రం చలి ఉదయాల్లో కొద్దిగా బిగువుగా తిరుగుతుంది. లోపల నత్రజని నింపి మూసివేసినందున ఏసీ కారులో నుంచి దిగినప్పుడు లోపలి కటకాలు మసకబారవు, వానకూ భయం లేదు. మన దగ్గర వానకన్నా దుమ్ముదే పెద్ద బాధ. నల్లరేగడి దుమ్ము కంటివైపు కటకాల మీద పేరుకున్నప్పుడు చొక్కా అంచుతో తుడిస్తే ఆ ఇసుకరేణువులే పూతను గీసేస్తాయి. ముందు రబ్బరు బల్బుతో గాలి కొట్టి, తరువాతనే మైక్రోఫైబర్ గుడ్డను తాకించాలి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలివేయడం మరీ ప్రమాదం. ఆ వేడికి రబ్బరు పైతొడుగు జిగురు వదలడమే కాక, లోపలి అద్దాల అమరిక కూడా దెబ్బతినవచ్చు.

కళ్ళద్దాలు వాడేవారు కంటిదూరాన్ని, అంటే కంటివైపు కటకం నుంచి కన్ను ఎంత ఎడంగా ఉన్నా మొత్తం దృశ్యం కనిపిస్తుందో ఆ దూరాన్ని, తప్పనిసరిగా చూసుకోవాలి. ఇందులో అది 17 మిల్లీమీటర్లు. కంటివైపు తొడుగులను పూర్తిగా లోపలికి తిప్పితే కళ్ళద్దాలతోనే మొత్తం దృశ్యం కనిపిస్తుంది. 14 కన్నా తక్కువ ఉన్నవాటిలో అంచులు కోసుకుపోయి, గొట్టంలో నుంచి చూసినట్టే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో కొనేవారు తిరిగి పంపే గడువులోగా చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. దుర్భిణిని చేయి చాచినంత దూరంలో ఆకాశం వైపు పట్టుకొని కంటివైపు కటకాలలోని వెలుగు వలయాలను చూడాలి. అవి గుండ్రంగా ఉంటే మేలైన బ్యాక్-4 గాజుతో చేసిన పట్టకాలు (ప్రిజములు) ఉన్నాయని భావించవచ్చు, అంచులు కోసినట్టు చతురస్రాకారంలోకి మారితే నాసిగాజుగా అనుమానించాలి. దూరంగా ఉన్న సెల్‌టవర్ కొనను ఐదు నిమిషాల పాటు చూస్తే తలనొప్పి మొదలైనా, రెండు కొనలు కనిపించినా రెండు గొట్టాల అమరిక కుదరలేదని అర్థం; అటువంటిదాన్ని సర్దుకుపోదామనుకోకుండా తిప్పి పంపాలి. ఈ పరీక్షకు ముందు కుడికంటి దగ్గరి చక్రాన్ని మీ కంటికి తగ్గట్టు సరిచేసుకోవడం మరవరాదు. ఎడమకన్నుతో నడిమి చక్రం తిప్పి స్పష్టత తెచ్చుకొని, ఆపై అదే వస్తువును కుడికన్నుతో చూస్తూ ఆ చిన్న చక్రాన్ని తిప్పాలి. దుర్భిణిలో ఏమీ బాగా కనిపించడం లేదని పక్కన పడేసేవారిలో చాలామంది ఈ ఒక్క పని చేయనివారే.

పక్షుల ఫొటోలు కావాలనుకునేవారికి ఇది నిరాశ కలిగిస్తుంది; సెల్‌ఫోన్‌ను కంటివైపు కటకానికి ఆనించి తీసే బొమ్మలు గుర్తింపుకు సరిపోతాయేమో కాని ఎవరికీ చూపదగినవి కావు. ఏడాదికొకసారి పిల్లలతో కోటకు వెళ్ళేవారికి నాలుగైదు వేలలో దొరికే 8×30 సరిపోతుంది. నెలకు ఒకటి రెండు ఉదయాలైనా చెరువుగట్టు మీద గడిపేవారు మాత్రం 12,000 దగ్గర ఆగి 8×42నే తీసుకోవాలి, జీనుపట్టీ కోసం మరో వెయ్యి రూపాయలు ముందే పక్కన పెట్టుకోవాలి.